ఓడ మీద దాహము, ఓడ మీద పద్దు



ఈ మాసపు పాఠమునకు విహార నౌక ప్రయాణములో అగు ఖర్చును తీసికొన్నాము. ఒట్టన్‌చత్రమునకు సముద్రమెక్కడ, ఓడ ఎక్కడ అని కొందరు నవ్వవచ్చును. కూరగాయల మార్కెట్టులో మునగకట్టలు కేరళ లారీలకు ఎక్కించి బ్రదుకు మన ఊరివారికి ఈ లెక్కతో పని ఏమని అడుగవచ్చును. అయితే మన కుటుంబములలో బిడ్డలు సింగపూరులోను, అమెరికాలోను స్థిరపడినవారు ఉన్నారు. అమ్మానాన్నలకు 60 ఏండ్లు నిండినవనియో, పెండ్లి అయి 40 ఏండ్లు అయినదనియో ఓడ టిక్కెట్టు కొని పంపుచున్నారు. టిక్కెట్టు కొడుకు కొన్నాడు, సరే. ఓడ లోపల ఐదు దినములు త్రాగినదానికి, టిప్పులకు, ఫోటోలకు డబ్బు ఎవరిది? బయలుదేరు ముందు ఈ మాట ఎవరూ ఎత్తరు. చివరి ఉదయము బిల్లు చూచిన తరువాతనే అది బయటకు వచ్చును. అప్పటికి అన్నదమ్ముల మధ్య తగవై కూర్చుండును.

ఇంకొక నష్టము దీనికి వెనుకవైపున ఉన్నది. బిల్లు భయముతో పెద్దలు నీళ్ళు కూడ అడుగరు. గదిలో పెట్టిన సీసాకు ధర చీటీ చూచి అవ్వ దానిని ముట్టదు. ఎండలో డెక్కు మీద కూర్చుండి, మధ్యాహ్నమునకు తల తిరుగుచున్నదనును. షుగరు మాత్రలు, బి.పి. మాత్రలు వేసికొనువారికి ఇది చిన్న సంగతి కాదు. కాబట్టి ఎక్కడ చేయి బిగించవలెనో, ఎక్కడ ధైర్యముగా అడిగి త్రాగవలెనో, రెండును ఈ పాఠములో చూచెదము.

మన ఊరి పేరులోనే చత్రమున్నది. చత్రమనగా సత్రమే. బాటసారి వచ్చి అరుగు మీద కూర్చుంటే మొదట నీళ్ళు ఇచ్చి తరువాత ఊరు పేరు అడుగుట పూర్వపు మర్యాద. నేటికిని తైపూస దినములలో పళనికి నడచువారు మన దారిన పోవుచుండగా, రోడ్డు ప్రక్క పందిరి వేసి మజ్జిగ, నీళ్ళు ఊరక పోయుదురు. విజయనగర, నాయక రాజుల కాలము నుండి ఈ సీమలలో నిలిచిన తెలుగువారమైన మనకు, త్రాగుటకు ఇచ్చినదానికి వెల అడుగుట నామోషీగా తోచును. ఓడ మీద మనలను చిక్కించునది ఈ నామోషీయే. ఎక్కిన వెంటనే ఒక పరిచారకుడు చిరునవ్వుతో పళ్ళెము పట్టుకొని ఎదురువచ్చును. పళ్ళెములో ఎర్రని, పచ్చని రసములు, పైన ఒక పండు ముక్క. పెండ్లివారింటిలో పన్నీరు చల్లినట్లుగా భావించి మనము చేయి చాచెదము. ఆ గ్లాసుకు వెల ఉండవచ్చును, పైగా దానిమీద సేవా రుసుము కూడ ఉండవచ్చును. ఇది ఉచితమా అని ఒక్క మాట అడిగిన ఎవరును చిన్నబుచ్చుకొనరు. దినమునకు వందమంది అడిగెడి ప్రశ్న అది.

మనకు దగ్గరలోని ఓడను గూర్చి కొంచెము చెప్పవలెను. 2022 జూన్ 4న చెన్నై రేవులో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ గారు కార్డీలియా సంస్థవారి ఎంప్రెస్ అను విహార నౌకను సాగనంపిరి. ఈ నౌక క్రొత్తది కాదు. 1990లో ఫ్రాన్సు దేశమున నిర్మితమై, నార్డిక్ ఎంప్రెస్ అను పేరున రాయల్ కరీబియన్ సంస్థలో చాల ఏండ్లు నడిచినది. చెన్నై నుండి రెండు రాత్రుల సముద్ర విహారము మొదలుకొని, విశాఖపట్నము, పుదుచ్చేరిల మీదుగా ఐదు రాత్రుల ప్రయాణము వరకు ఆ యేడు ఏర్పాటు చేసిరి. అదే జూన్ నెలలో విశాఖ చేరినది. పుదుచ్చేరిలో మాత్రము అప్పుడు అనుమతి దొరకలేదు. విశాఖలో విహార నౌకలకే ప్రత్యేకముగా కట్టిన టెర్మినలును 2023 సెప్టెంబరులో ప్రారంభించిరి.

ఇదే మద్రాసు రేవు నుండి మన ముందటి తరములవారు కూడ ఓడలు ఎక్కిరి. 1860 నవంబరు 16న డర్బను చేరిన ట్రూరో ఓడ ఇక్కడనుండి బయలుదేరినదే. చెరకు తోటల పనికి వెళ్ళిన ఆ కూలివారిలో తెలుగువారును ఉండిరి. వారికి నీళ్ళు మనిషికి ఇంతయని కొలిచి పోసెడివారు. నేడు కొలత లేదు, కార్డు ఉన్నది.

ఆ కార్డు సంగతి బాగుగా గ్రహించవలెను. ఓడలో రొక్కము చేతులు మారదు. ఎక్కునప్పుడు ప్రతివారికి ఒక కార్డు ఇత్తురు. గది తలుపు తెరుచుటకు అదే, రేవులో దిగి ఎక్కుటకు అదే, కొనుటకును అదే. మన వీధి కిరాణా కొట్టులో పద్దు పుస్తకము ఉన్నట్లే ఓడలో ప్రతి గదికి ఒక పద్దు నడుచును. భేదమేమనగా, కొట్టులో శెట్టిగారు పద్దు వ్రాయునప్పుడు మన కండ్ల ఎదుట వ్రాయును, పాత బాకీ ఎంతో గుర్తు చేయును. ఓడలో కార్డు గీకి వెళ్ళిపోవుదురు. చేతిలో నోటు తరుగుట కనబడనందున ఖర్చు ఖర్చుగా తోచదు. మార్కెట్టులో కిలోకు అర్ధరూపాయి దగ్గర బేరమాడు మనిషి, ఇక్కడ ఒక గ్లాసు పండ్లరసమునకు ధర చూడకుండ కార్డు చాచును.

ఆ పద్దు తీర్చుటకు ఎక్కునప్పుడే క్రెడిట్ కార్డు చూపవలెను, లేదా కొన్ని ఓడలలో రొక్కము ముందుగా కట్టవలెను. ఇక్కడ డెబిట్ కార్డు ఇవ్వవద్దని మా సలహా. ఓడవారు ఖర్చుకు ముందే కొంత మొత్తమును పట్టి ఉంచుదురు. క్రెడిట్ కార్డులో అది పరిమితిని మాత్రమే తగ్గించును. డెబిట్ కార్డులోనైతే మన బ్యాంకు ఖాతాలోని నిజమైన డబ్బు కదలక నిలిచిపోవును. దిగిన తరువాత కొన్ని దినములకు గాని విడుదల కాదు. ఇంటికి తిరిగి వచ్చుటకు రైలు టిక్కెట్టుకు ఆ డబ్బే నమ్ముకొని ఉంటే ఇబ్బంది. పెద్దలకు రొక్కము కట్టు పద్ధతియే మేలు. ఇంత కట్టితిమి, ఇంతవరకే త్రాగుదుము, తిందుము అని లెక్క తేటగా ఉండును. మిగిలినది చివర తిరిగి ఇత్తురు.

ఇక ఊరక దొరకునవి. చాల ఓడలలో భోజనశాలలో త్రాగు నీరు, టీ, మామూలు కాఫీ, ఉదయపు ఫలహారముతో పాలు, పండ్లరసము టిక్కెట్టులో చేరియే ఉండును. అమెరికా ఓడలలో నిమ్మరసము, చల్లని టీ కూడ. అదే కాఫీని ప్రక్కనున్న కాఫీ దుకాణములో అడిగిన వెల పడును. ఉదయమున ఉచితముగా వచ్చిన పండ్లరసమును సాయంత్రము బారులో అడిగినను వెల పడును. వస్తువు కంటె చోటును, వేళను చూచి అడుగుట నేర్చుకొనవలెను. గదిలో పెట్టిన సీసా నీళ్ళకు మెడలో చీటీ ఉన్నదేమో చూడవలెను.

కుళాయి నీరు త్రాగవచ్చునా అని మనవారు భయపడుదురు. ఊరిలో డబ్బా నీళ్ళకు అలవాటుపడినవారము గదా. పెద్ద ఓడలలో సముద్రపు నీటిని కాచి ఆవిరి పట్టియో, సన్నని పొరల గుండా ఒత్తిడితో పంపియో మంచినీరు చేయుదురు, లేదా రేవులలో నింపుకొందురు. తరువాత క్లోరిను కలిపి పరీక్షింతురు. అమెరికా రేవులకు వచ్చు ఓడలను అక్కడి ఆరోగ్య శాఖవారు 1970ల నుండి తనిఖీ చేయుచున్నారు. ఇంటి నుండి ఒక్కొక్కరికి ఒక స్టీలు సీసా తీసికొనిపోయి భోజనశాలలో నింపుకొంటే నీళ్ళ ఖర్చు సున్న. ఎక్కునప్పుడు సీసా ఖాళీగా ఉండనిండు. శొంఠి కాఫీ పొడి పొట్లములు, ఉప్పు పంచదార కలిసిన ఓ.ఆర్.ఎస్. పొట్లములు పెట్టుకొనుట మంచిది. వేడినీళ్ళు భోజనశాలలో దొరకును. కరెంటు కెటిలును మాత్రము ఓడలోనికి సాధారణముగా రానీయరు, అగ్ని భయము వలన. ఇండియా ఓడలో పెరుగు వడ్డించు పూటకు రెండు గరిటెలు అడిగి, నీళ్ళు, ఉప్పు కలుపుకొంటే మజ్జిగ సిద్ధము. ప్రక్క బల్లవారు చూచినను చూడనిండు.

బయటి పానీయములు తెచ్చుకొను విషయములో ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క నియమము. కార్నివాల్ సంస్థ 2015 నుండి సీసాలను నిషేధించి, ఎక్కు దినమున చేతి సంచిలో మనిషికి 12 చిన్న డబ్బాలు లేక అట్టపెట్టెల మేరకు మద్యము లేని పానీయములను అనుమతించినది. కొన్ని సంస్థలు ఏదియు రానీయవు. టిక్కెట్టు కొన్న ఏజెంటును నోటిమాటగా అడుగక, సంస్థవారి నియమములను వ్రాతలో తెప్పించుకొని చదువవలెను. ఇంటిలో చేసిన మురుకులు, ఊరగాయ పెట్టె అడుగున దాచి తీసికొనిపోవుటకు ముందు ఆ పేజీ చదువుట మరీ ముఖ్యము.

ఇప్పుడు ప్యాకేజీలకు వచ్చెదము. దినమునకు ఇంత కట్టిన కూల్‌డ్రింకులు ఎన్నైనను త్రాగవచ్చునని ఒకటి, మద్యముతో కూడినది ఒకటి, రెంటికి నడుమ పండ్లరసములు, మంచి కాఫీ, మాక్‌టెయిలు చేరినది ఒకటి అమ్ముదురు. చౌకగా తోచును. లెక్క వేసి చూడుడి. క్రింది ధరలు లెక్క కొరకు మేము అనుకొన్నవి, మీ ఓడ ధరలను వాటి స్థానములో పెట్టుకొనుడి.

కూల్‌డ్రింకుల ప్యాకేజీ దినమునకు 12 డాలర్లు, దానిమీద సేవా రుసుము 18 శాతము అనుకొందము. 14 డాలర్ల 16 సెంట్లు అగును. విడిగా ఒక డబ్బా మూడున్నర డాలర్లు అనుకొంటే, రుసుముతో 4 డాలర్ల 13 సెంట్లు. మూడు డబ్బాలకు 12 డాలర్ల 39 సెంట్లే. అనగా దినమునకు నాలుగు డబ్బాలు త్రాగిన వానికి గాని ప్యాకేజీ గిట్టదు. అదియును ఒక దినము కాదు, ప్రతి దినము, రేవులో దిగి తిరిగిన దినము కూడ. నలుగురికి నాలుగు దినములకు ప్యాకేజీ కొంటే 226 డాలర్ల 56 సెంట్లు. డాలరును 85 రూపాయలుగా లెక్కించిన 19 వేల రూపాయలు దాటును. పిల్లవాడు దినమునకు నాలుగు డబ్బాల తీపి నీళ్ళు త్రాగుట మనకు కావలెనా అనునది డబ్బుకు ముందటి ప్రశ్న. డబ్బు కట్టితిమి గదా అని దాహము లేకున్నను త్రాగించు తల్లిదండ్రులును ఉందురు.

మద్యపు ప్యాకేజీలో చిక్కు వేరుగా ఉన్నది. మన సంఘములలో చాలమంది ముట్టనివారు గనుక ఇది మనకు సంబంధము లేదని దాటిపోరాదు. అనేక అమెరికా సంస్థలలో ఒక గదిలోని ఒక పెద్దమనిషి ఆ ప్యాకేజీ కొంటే, ఆ గదిలోని పెద్దవారందరును కొనవలెనను నియమమున్నది. ఒకరి పేర కొని ఇద్దరు త్రాగుదురను అనుమానము వలన ఈ కట్టుబాటు. ఇప్పుడు ఆలోచించుడి. ఖర్చు కలిసివచ్చునని బావమరిదితో ఒక గది తీసికొంటిరి. ఆయన త్రాగును, మీరు త్రాగరు. ఆయన ప్యాకేజీ కొనెనేని, మీరు ముట్టని మద్యమునకు మీరు వెల కట్టుచున్నారు. దినమునకు 70 డాలర్లు, 18 శాతము కలిపి 82 డాలర్ల 60 సెంట్లు అనుకొంటే, నాలుగు దినములకు 330 డాలర్లు దాటినది. గది కలిపి తీసికొన్నందున మిగిలినది ఎంత, పోయినది ఎంత? కాబట్టి త్రాగువారిని, త్రాగనివారిని వేరు గదులలో పెట్టి టిక్కెట్టు కొనుటయే తెలివి. ఆరోగ్య కారణముననో, నియమము చేతనో త్రాగనని చెప్పిన వారికి కొన్ని సంస్థలు మద్యము లేని తక్కువ ప్యాకేజీని అనుమతింతురు. అడిగి, జవాబును వ్రాతలో తీసికొనవలెను.

ఈ మాట బంధువుతో చెప్పుట కష్టమని మాకు తెలుసు. మన ఇండ్లలో ఒకరు త్రాగుదురను సంగతి అందరికీ తెలిసియు ఎవరూ పలుకరు. గదుల పంపకము వచ్చినప్పుడు ఆ మౌనమునకు రొక్కముగా వెల పడుచున్నది. తీర్పు తీర్చు గొంతుతో గాక, "మామా, ఓడవారి నియమము ఈలాగున్నది, గదులు వేరుగా తీసికొందము, లెక్క తేలికగా ఉండును" అని అన్న చాలును. ఆయనకును మీ ఎదుట గ్లాసు పట్టు ఇబ్బంది తప్పును.

ఆ ప్యాకేజీ కొనువారి వైపునుండి చూచినను లెక్క గట్టిదే. ఒక గ్లాసు 13 డాలర్లు, రుసుముతో 15 డాలర్ల 34 సెంట్లు అనుకొంటే, దినమునకు ఆరు గ్లాసులు త్రాగితే గాని కట్టిన డబ్బు రాదు. దినము దినము ఆరు! కార్నివాల్ వారి ప్యాకేజీలో 24 గంటలకు 15 మద్య పానీయములని హద్దు పెట్టిరి. అంతవరకు పోవువారు ఉన్నందుననే గదా హద్దు అవసరమైనది. మాక్‌టెయిలు త్రాగువారు కూడ ధర చూడవలెను. మద్యము లేదు గనుక చౌక అనుకొనరాదు, చాల చోట్ల పెద్ద తేడా ఉండదు.

బారులో సంతకము చేయు చీటీని చదువుడి. సేవా రుసుము అందులో మొదటనే కలిసి ఉండును, 18 నుండి 20 శాతము వరకు. క్రింద ఇంకొక ఖాళీ గీత, అదనపు టిప్పుకు. మర్యాద కొరకు దానిని నింపినచో రెండు మారులు ఇచ్చినట్లగును. ఇది గాక అమెరికా సంస్థలు ప్రతి మనిషికి, ప్రతి దినమునకు టిప్పును పద్దులో వేయుదురు, సాధారణముగా చిన్నపిల్లలకు కూడ. దినమునకు 18 డాలర్లు అనుకొంటే అవ్వ, తాత, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, నాలుగు రాత్రులకు 432 డాలర్లు. 85 చొప్పున 36,720 రూపాయలు. టిక్కెట్టు ప్రకటనలో ఈ అంకె పెద్ద అక్షరములతో ఉండదు. ఈ టిప్పులను ఎగవేయుటకు ఉపాయములు చెప్పువారు ఉన్నారు, మేము చెప్పము. గది ఊడ్చు మనిషి, గిన్నెలు కడుగు మనిషి మనవలెనే ఇల్లు విడిచి వచ్చినవారు, వారి సంపాదనలో ఇది భాగము. ముందుగనే లెక్కలో వ్రాసికొనుడి, అంతే.

మిగిలిన చిల్లులు త్వరగా చెప్పెదము. రేవు దాటగానే ఫోనును విమానపు మోడులో పెట్టవలెను, లేనియెడల ఓడలోని ప్రత్యేక నెట్‌వర్కు తగులుకొని బిల్లు పెరుగును. ఇంటర్నెట్టు వేరుగా కొనవలెను. కుటుంబమునకు ఒక ఫోను చాలును. ఓడ ఫోటోగ్రాఫరు తీసిన చిత్రము చూచుట ఉచితము, కొనుట ఖరీదు. జూదపు గది తలుపు దగ్గరనే తిరిగి రండు. ఓడ వైద్యుని ఫీజు అధికము గనుక ప్రయాణ బీమా లేకుండ పెద్దలను ఎక్కించవద్దు. ఇండియా కార్డుతో డాలర్లు చెల్లించునప్పుడు బ్యాంకు పైశాతము వేయును. "రూపాయలలో చెల్లింతురా" అని యంత్రము అడిగితే వద్దని డాలర్లనే ఎంచుకొనుడి, ఆ మార్పిడి రేటు సాధారణముగా మనకు నష్టమే.

రేవులో దిగుట గూర్చి. విశాఖలో ఓడవారి టూరు బస్సు ఉండును, బయట ఆటోలును ఉండును. తెలుగు వచ్చిన మనకు అక్కడ గైడు ఎందుకు? ఆర్కే బీచి, అక్కడనే ఉన్న కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి ఒక పూటలో చూడవచ్చును. మన తమిళము కలిసిన తెలుగు విని ఆటోవాడు నవ్వును, ఏ ఊరని అడుగును, ధర కూడ తగ్గించునేమో చూడుడి. ఒక్క జాగ్రత్త. ఓడవారి టూరు ఆలస్యమైతే ఓడ కనిపెట్టును, మన ఆటో ఆలస్యమైతే కనిపెట్టదు. చెప్పిన గడువుకు రెండు గంటలు ముందే తిరిగి రావలెను. 2022లో పుదుచ్చేరి వలె రేవు తప్పిపోవుటయు కలదు గనుక, అక్కడి కారుకు, హోటలుకు ముందుగా డబ్బు కట్టి పెట్టుకొనవద్దు.

ఒట్టన్‌చత్రము నుండి చెన్నైకి దాదాపు 450 కిలోమీటర్లు. ఓడ ఎక్కు దినముననే తెల్లవారి రైలు దిగుదుమను ధీమా మంచిది కాదు. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు, టిక్కెట్టు డబ్బు రాదు. ఒక దినము ముందు చేరి బస చేయు ఖర్చును కూడ ఓడ ఖర్చులోనే వ్రాసికొనవలెను. మొత్తము కొరకు చీటీ పాడి ఎత్తుకొని వెళ్ళు ఆలోచన ఉన్నచో, ముందు ఒక ఏడాది చీటీ కట్టి, చేతికి వచ్చిన తరువాత టిక్కెట్టు కొనుడి. పాట తోసి తెచ్చిన డబ్బు కూల్‌డ్రింకులకు పోయినచో, తిరిగి వచ్చి పన్నెండు నెలలు కట్టవలెను.

నాలుగు కుటుంబములు కలిసి పోవునప్పుడు, ఒకరి కార్డుకు అన్ని గదులను కలుపవద్దు. ఏ గది పద్దు ఆ గదిదే. అమెరికా కొడుకు అంతయు తానే కట్టెదనన్నచో, ఎంతవరకు అని అతనిని అడుగుటలో తప్పు లేదు. అతడును ఇంటి అప్పు కట్టుకొనువాడే. గదికి ఇంతయని చెప్పించి, ఆ హద్దును ఓడ కార్యాలయములో పద్దుకు వ్రాయించవచ్చునేమో అడుగవలెను. పిల్లల కార్డుల మీద కొనుట పూర్తిగా ఆపించవచ్చును. ఇది మొదటి దినముననే చేయవలెను, ఎందుకనగా పిల్లలు మొదటి సాయంత్రమే ఐస్‌క్రీము దుకాణము కనుగొందురు.

అవ్వాతాతలకు ఒక చిన్న కాగితము వ్రాసి ఇయ్యుడి, తెలుగులోనో తమిళములోనో వారు చదువగలిగిన లిపిలో. భోజనశాలలో నీళ్ళు, టీ, కాఫీ, ఉదయపు పాలు, ఇవన్నియు కట్టినవే, ఎన్నిమారులైనను అడుగవచ్చును అని. దానితోపాటు దినమునకు ఒక కొబ్బరినీళ్ళో పండ్లరసమో కొనుటకు ఇంత అని వేరుగా చెప్పుడి. హద్దు తెలిసిన మనిషి నిర్భయముగా త్రాగును.

ప్రతి రాత్రి పండుకొను ముందు పద్దు చూడవలెను. గదిలోని టీవీలోనో, ఫోనులోనో, కార్యాలయపు బల్ల వద్దనో కనబడును. చీటీలు ఒక కవరులో వేసి ఉంచుకొంటే పోల్చుటకు ఐదు నిమిషములు. చేయని ఖర్చు కనబడితే ఆ రాత్రే అడుగవలెను. చివరి ఉదయము ఆ బల్ల యొద్ద వరుస పొడుగై ఉండును, సామాను బయట, దిగుటకు పిలుపు, ఎవరికీ ఓపిక ఉండదు. చివరి రాత్రి భోజనము ముగియగానే పోయి పూర్తి బిల్లు కాగితము అడిగి తీసికొనుడి. రొక్కము కట్టినవారు మిగిలినది ఎక్కడ, ఏ వేళకు తిరిగి ఇత్తురో అప్పుడే తెలిసికొని, లెక్క పెట్టుకొని తీసికొనవలెను. ఆ కాగితమును ఇంటికి వచ్చి పారవేయవద్దు. వచ్చే ఏడు ఇంకొక కుటుంబము బయలుదేరునప్పుడు వారికి చూపుటకు పనికివచ్చును.